షాపులోకి అడుగుపెడితే తుమ్ములు, తలనొప్పి, కొత్త బట్టకి దురద: ఇది అలర్జీయేనా?

అడిగినవారి ప్రశ్న, క్లుప్తంగా: "మాది చిత్తూరు. నాకు 46 ఏళ్లు. వచ్చే నెల కూతురి పెళ్లి. బట్టల కోసం తిరుపతికి నాలుగుసార్లు వెళ్లాం. ఏసీ షోరూంలోకి వెళ్లిన పది నిమిషాలకే తుమ్ములు, కళ్ల మంట, గొంతు పట్టేసినట్టు ఉంటుంది. తర్వాత సాయంత్రం దాకా తలనొప్పి. కొత్త జాకెట్ వేసుకుంటే మర్నాడో, ఆ మర్నాడో చంకల దగ్గర ఎర్రగా లేచి దురద. సిట్రిజిన్ వేసుకున్నా పెద్దగా తేడా లేదు. మా ఆయన 'బిల్లు కట్టేది నేను, తలనొప్పి నీకా' అని నవ్వుతున్నాడు. ఇది కెమికల్ అలర్జీయా? ఏం చేయాలి?"

నమస్తే అమ్మా. నేను తిరుపతిలో చర్మవ్యాధుల డాక్టరుగా ఇరవై ఆరేళ్లు పనిచేశాను. అంతకుముందు గాంధీ రోడ్డులో మా నాయన నడిపిన చిన్న బట్టల కొట్లో, తాన్ల మధ్య పెరిగాను. కాబట్టి గల్లాపెట్టె వైపు నుంచి కూడా ఈ సంగతి కొంచెం తెలుసు. మీవి వేషాలేమీ కాదు, అన్నీ నిజంగా వచ్చే బాధలే. కాకపోతే వాటన్నిటినీ ఒకే మూట కట్టి 'అలర్జీ' అని పేరు పెట్టారు. ఆ మూట విప్పితే తప్ప దేనికి ఏ మందో తెలియదు. విప్పడానికి ముందు కావాల్సింది రక్తపరీక్ష కాదు, ఏ బాధ ఎంతసేపటికి వస్తోందో చూసుకునే గడియారం.

గొంతు పట్టేసినట్టు ఉంటుందన్నారు, ముందు అది తేల్చుకుందాం. మిగతావన్నీ చిరాకు పెట్టేవి, భయపడాల్సింది ఇదొక్కటే. ఆ సమయంలో పెదవులో నాలుకో వాచిందా? గొంతు బొంగురుపోయిందా? ఒళ్లంతా దద్దుర్లు లేచి, వాంతి వచ్చి, కళ్లు తిరిగాయా? ఇలాంటివి ఎప్పుడైనా వస్తే 'బయట కాసేపు గాలికి కూర్చుంటే పోతుందిలే' అనుకోవద్దు. 108కి ఫోన్ చేయాలి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టాలి. ఊపిరి అందకపోతే మాత్రం కూర్చోబెట్టాలి. నడిపించకూడదు. తిరుపతిలో ఉంటే రుయాకో స్విమ్స్‌కో, చిత్తూరులో ఉంటే జిల్లా ఆసుపత్రికో తీసుకెళ్లాలి. అక్కడ ప్రాణం నిలబెట్టేది తొడ బయటివైపు కండలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజక్షన్, పెద్దవాళ్లకి అర మిల్లీగ్రాము. సిట్రిజిన్, అవిల్ లాంటివి దద్దుర్లకీ దురదకీ పనికొస్తాయి కానీ, మూసుకుపోతున్న గొంతుని తెరవలేవు. ఉత్త షాపు వాసనకి ఇంత దూరం రావడం చాలా అరుదు. అదే షాపుల్లో రుచి చూడమని చేతిలో పెట్టే జీడిపప్పుతోనో స్వీటు ముక్కతోనో వచ్చినవాళ్లని చూశాను.

అలాంటివి ఏవీ లేవు, ఛాతీ బిగుసుకుని పిల్లికూతలు వస్తున్నాయి, తెల్లవారుజామున దగ్గుతో మెలకువ వస్తోంది అంటే ఆస్తమా చూడాలి. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర స్పైరోమెట్రీ చేయించుకుంటే తెలుస్తుంది, గొట్టంలోకి గట్టిగా ఊదడమే. దీన్ని ఎందుకు ఇంత నొక్కి చెబుతున్నానంటే, మా నాయనకి ఉన్నది అదే, మాకెవరికీ తెలియలేదు. పొద్దున్నే బేళ్లు విప్పడం, తాన్లు దులపడం, కలరా ఉండలు వేసిన బీరువాలు తెరవడం ఆయన పని. సాయంత్రానికి దగ్గు మొదలు. కొట్టు మూసిన రోజు రొంత నయం. నాలుగు రోజులు మా అవ్వ ఊరికి పోతే దగ్గు అసలు ఉండేది కాదు. "నాకు ఆ ఊరి నీళ్లు పడతాయబ్బా" అనేవాడు. నేను ఎంబీబీఎస్‌లో ఉండగా ఒకరోజు క్లాసులో మాస్టారు చెప్పారు: దగ్గు ఉన్నవాణ్ణి ముందు అడగాల్సింది 'సెలవు రోజున తగ్గుతుందా' అని. ఇంటికొచ్చి ఆ రాత్రే నాయన్ని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "అంటే నీళ్లు కాదా?" అన్నాడు. మీరైతే షాపులో అరగంట ఉండి వచ్చేస్తారు. కౌంటర్ వెనక పది గంటలు నిలబడే అమ్మాయిలు మీకంటే ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి.

ఇప్పుడు తుమ్ములు, కళ్ల మంట. కిరాణా కొట్టు ముందు మిరపకాయల మూటలు దింపుతుంటే వీధిలో పోయేవాళ్లందరూ తుమ్ముతారు. అది అలర్జీ కాదు, ఘాటు. అందరికీ వచ్చేది ఘాటు, మీ ఒక్కరికే వచ్చేది మీ ఒంటి తీరు అని మొదటి లెక్క వేసుకోండి. మా ఇంటావిడకి ఒకసారి ఇలాగే అయింది. ఒక పెద్ద షాపు, పేరెందుకులెండి. అక్కడి బాత్రూంలో కడిగే మనిషి బ్లీచింగ్ పౌడర్ చల్లి, దాని మీదే యాసిడ్ పోసింది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మా ఆవిడా, ఆ కడిగే మనిషీ ఇద్దరూ దగ్గలేక కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చారు. షాపు మేనేజరు తాపీగా "మేడమ్‌కి అలర్జీ ఉన్నట్టుంది" అన్నాడు. విషవాయువుకి అలర్జీ అని పేరు పెడితే తప్పు పీల్చినవాళ్ల మీదికి వస్తుంది, పోసినవాళ్ల మీదికి రాదు. అలాంటి చోటు కనబడితే మీరు బయటికి రావడమే కాదు, ఆ కడిగే మనిషిని కూడా బయటికి పిలవండి.

మీ ఒక్కరికే వస్తోందనుకుందాం. అప్పుడు కూడా రెండు దార్లున్నాయి. దుమ్ములో ఉండే పురుగులు, పుప్పొడి లాంటి వాటి మీద ఒళ్లు ఐజీఈ అనే యాంటీబాడీ తయారుచేసుకుని ఉంటే అది అసలైన ముక్కు అలర్జీ. ముక్కు, కళ్లు దురద పెడతాయి, ఇంట్లో పరుపు దులిపినా తుమ్ములు వస్తాయి, సిట్రిజిన్‌కి బాగానే లొంగుతుంది. రెండోది, ముక్కు లోపలి నరాలే అతిగా ఉలిక్కిపడటం. సెంటు, పొగ, ఫినాయిలు, చివరికి వేడి చల్లన మార్పు కూడా చాలు. ఎండాకాలంలో తిరుపతి రోడ్డు మీద 42 డిగ్రీల్లో నడిచి, ఒక్కసారిగా 24 డిగ్రీల ఏసీలోకి అడుగుపెడితే ముక్కు కారడం మొదలవుతుంది. ఇందులో ఐజీఈ పాత్ర లేదు కాబట్టి సిట్రిజిన్ పెద్దగా పనిచేయదు. మీకు తేడా లేదన్నారు కదా, నాకు ఈ రెండోదే అనుమానం. దీనికి ముక్కులో కొట్టుకునే స్ప్రేలు మేలు. ఏది, ఎన్నాళ్లు అన్నది చెవి ముక్కు గొంతు డాక్టరు చూసి చెప్పాలి.

మన ఊళ్లో దీనికి తోడు సాంబ్రాణి. పొద్దున్న షాపు తెరవగానే ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఇంకోసారి, గల్లా దగ్గర నుంచి చీరల అరల దాకా పొగ తిప్పుతారు. శుక్రవారం ఇంకా దట్టం. నాకూ ఆ వాసన ఇష్టమే, చిన్నప్పుడు ఆ పొగలోనే హోంవర్క్ చేశాను. కానీ తలుపులు మూసిన ఏసీ హాల్లో ఆ పొగ ఎక్కడికీ పోదు. "ఇది సహజమైనది సార్, ఏం చేయదు" అంటారు చాలామంది. 2021లో తితిదే స్వామివారి సేవకి వాడిన పూలతో అగరుబత్తీలు చేయించడం మొదలుపెట్టింది, మంచి ఆలోచన. అయినా పూలతో చేసినా బొగ్గుపొడితో చేసినా, కాల్చాక వచ్చేది పొగే. అందులోని సన్నని నుసి ఊపిరితిత్తుల్లోకి పోయేది ఒకేలాగ. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ పొగ తిరిగే అరగంట బయట ఉండటమే మంచిది. 'హెర్బల్' అని రాసిన సబ్బులకీ, క్రీములకీ ఇదే మాట: సహజమైనదైనంత మాత్రాన ఏమీ చేయదని కాదు.

తలనొప్పి గురించి వేరే చెబుతాను, ఎందుకంటే ఇది అలర్జీ కాదని దాదాపు ధైర్యంగా చెప్పొచ్చు. ఒకవైపు పోటు, వెలుతురు చూడలేకపోవడం, వాంతి వచ్చినట్టు ఉండటం ఉంటే అది మైగ్రేన్. ఘాటైన సెంటు వాసన మైగ్రేన్‌ని లేపడం మామూలే. మీ వయసులో, నెలసరి అటూ ఇటూ అవుతున్న రోజుల్లో ఇంకా తేలిగ్గా లేస్తుంది. దానికి తోడు పెళ్లి షాపింగ్‌కి వచ్చి టైముకి అన్నం తిన్నదెవరు? పొద్దున చిత్తూరులో రెండు ఇడ్లీ తిని బస్సెక్కి, మధ్యాహ్నం మూడింటికి కూడా 'ఈ ఒక్క షాపు చూసేద్దాం' అంటుంటే తలనొప్పి రాక ఏమవుతుంది? అన్నం తిని, నీళ్లు తాగి, ఒకసారి వెళ్లి చూడండి. అప్పుడూ వస్తే న్యూరాలజిస్టుకి చూపించండి, మంచి మందులున్నాయి.

కొంతమందికి ఇంకో తరహా ఉంటుంది. సెంటుతో మొదలై, తర్వాత పెయింటు, న్యూస్ పేపరు, పెట్రోలు, డిటర్జెంటు, చివరికి పక్కింటివాళ్ల తల నూనె దాకా ఏదీ పడదు. తలతిరుగుడు, నీరసం, మనసు నిలవకపోవడం. దీన్ని మల్టిపుల్ కెమికల్ సెన్సిటివిటీ అంటారు. 1987లో కల్లెన్ అనే అమెరికా డాక్టరు దీనికి ఒక నిర్వచనం ఇచ్చాడు. ఇంటర్నెట్‌లో దీని మీద రెండు రకాల మాటలు కనబడతాయి: 'కెమికల్స్ మిమ్మల్ని చంపేస్తున్నాయి' అని ఒకటి, 'అంతా మీ భ్రమ' అని ఇంకొకటి. రెండూ నాకు నచ్చవు. వాసన తెలియకుండా దాచి, ఇది కెమికలా ఉత్త గాలా అని చేసిన పరీక్షల్లో, ఈ బాధ ఉన్నవాళ్లు రెండిటికీ తేడా చెప్పలేకపోయారు. అంటే ఆ రసాయనం ఒంట్లో విషంలా పనిచేయడం కంటే, వాసన తగలగానే మెదడు ప్రమాదఘంట కొట్టేయడమే ఇక్కడ ఎక్కువ. ఘంట మోగాక వచ్చే గుండెదడ, చెమట, ఊపిరి ఆడకపోవడం మాత్రం ముమ్మాటికీ నిజం. ఒకసారి షాపులో ఉక్కిరిబిక్కిరి అయినవాళ్లకి రెండోసారి ఆ మెట్లు ఎక్కుతుండగానే మొదలవ్వడం నేను చూశాను. వాళ్లకి అన్నీ మానేసి ఇంట్లో కూర్చోమని చెప్పడం అన్నిటికంటే చెడ్డ సలహా. మానేసిన కొద్దీ పడనివాటి జాబితా పెరుగుతుంది. మీకు ఇది ఉందని నేననుకోవడం లేదు. కానీ పెళ్లి టెన్షన్‌లో ఈ దారి పట్టకుండా చూసుకోండి.

ఇక నా సొంత శాఖకి వద్దాం, జాకెట్ దురద. మీ మొత్తం ప్రశ్నలో అచ్చమైన అలర్జీ అనిపించేది ఇదొక్కటే. మర్నాడో ఆ మర్నాడో వస్తుందన్నారు చూడండి, అదే దాని గుర్తు. చర్మంలో ఈ పని చేసేది ఐజీఈ కాదు, టీ కణాలు అనే ఒక రకం తెల్లరక్తకణాలు. వాటికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకే షోరూం గాలికీ దీనికీ సంబంధం లేదు. ఇప్పుడు అద్దం ముందు చెయ్యెత్తి చూసుకోండి. చంక గుంటలోనే ఎర్రగా ఉంటే డియోడరెంటో పౌడరో కారణం. గుంట బాగానే ఉండి, చుట్టూ అంచుల్లో, జాకెట్ కుట్టు రాసుకునే చోట ఉంటే బట్టే కారణం. ఇరవై ఆరేళ్లలో ఈ ఒక్క చూపు నాకు ఎన్నో పరీక్షల ఖర్చు తప్పించింది.

బట్టలో ఏముంది? ముడత పడకుండా వేసే రెసిన్ పూతలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. బేలు విప్పగానే ముక్కుకి తగిలే కొత్త బట్ట వాసనలో దాని వాటా కూడా ఉంటుంది. ఇది ఉతికితే చాలావరకు తగ్గుతుంది. అసలు గట్టి శత్రువు పాలిస్టర్‌కి వేసే డిస్పర్స్ రంగులు. ఇవి దారానికి రసాయనికంగా అతుక్కోవు, ఊరికే లోపల దాక్కుని ఉంటాయి. చెమటా రాపిడీ తగిలితే చర్మం మీదికి దిగుతాయి. ముదురు నీలం, నలుపు, వంగపండు రంగుల్లో ఎక్కువ. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ ఏటా ఒక అలర్జీ కారకాన్ని ఎంచి ప్రకటిస్తుంది. 2000లో మొట్టమొదట ఎంచినది ఈ డిస్పర్స్ నీలాల్నే. మీరు 'నాది పట్టు చీర కదా, పాలిస్టర్ ఎక్కడిది?' అంటారు. జాకెట్ తిరగేసి చూడండి. లోపల లైనింగ్ ఏం వేశాడో టైలర్ మీకు చెప్పి ఉండడు. చీర ముప్పై వేలదైనా దురద మాత్రం ఆ చవక లైనింగ్‌దే, నా దగ్గరికి వచ్చిన కేసుల్లో ఎక్కువ భాగం ఇలాగే తేలాయి.

ఇంకో ప్రశ్న, కోపం తెచ్చుకోకండి. జుట్టుకి రంగు వేస్తారా? వేసినప్పుడు చెవుల వెనకో నుదుటి మీదో దురద వస్తుందా? జుట్టు రంగులో ఉండే పీపీడీ అనే రసాయనం పడనివాళ్లలో కొందరికి ఈ బట్టల రంగులు కూడా పడవు, రెండూ ఒక కుటుంబం. ఇది మీకే కాదు, పెళ్లికూతురికీ అవసరమైన మాట. గోరింటాకు అసలు రంగు నారింజ, మర్నాటికి ఎర్రగా ముదురుతుంది, అందుకు గంటలు పడుతుంది. గంటలో నల్లగా పండే కోన్ అని ఎవరైనా అమ్మితే అందులో పీపీడీ కలిపినట్టే. అది పడనివాళ్లకి రెండు మూడు రోజులకి, అంటే సరిగ్గా ముహూర్తం వేళకి, ఆ డిజైన్ మీదే బొబ్బలు లేస్తాయి. ఒకసారి ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకుంటే జీవితాంతం మర్చిపోదు. ఇంట్లో రుబ్బిన ఆకు పెట్టించండి.

స్టిక్కర్ బొట్టు జిగురులో ఉండే ఒక ఫీనాల్ వల్ల కొందరికి నుదుట తెల్ల మచ్చ వస్తుంది. దురదగా మొదలైతే ఆ రోజే మానేయాలి. గిల్టు నగల్లో నికెల్ ఉంటుంది, చెవి తమ్మెలు, మెడ, మణికట్టు దగ్గర నీరు కారే పొక్కులు దాని పనే. 22 క్యారెట్ల బంగారం మామూలుగా ఇబ్బంది పెట్టదు. తెల్ల బంగారం అడిగి కొనండి, కొన్నిటిలో నికెల్ కలుపుతారు. పట్టుచీరల బీరువాలో కలరా ఉండలు వేసి ఉంటే ఆ బట్టలు పసిబిడ్డలకి చుట్టవద్దు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న పిల్లలకి ఆ ఆవిరితో రక్తకణాలు పగిలి కామెర్లు వస్తాయి.

పరీక్షల మాట. చర్మానికి ప్యాచ్ టెస్ట్. వీపు మీద చిన్న చిన్న బిళ్లల్లో అనుమానమున్న పదార్థాలు పెట్టి 48 గంటలు ఉంచి, తీసి చూసి, మళ్లీ ఒకటి రెండు రోజులకి చూస్తారు. అన్ని రోజులూ వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో ఇది చేయించుకోవడం దండగ, డిసెంబరు, జనవరి మేలు. మామూలు సెట్‌లో బట్టల రంగులు ఉండకపోవచ్చు, ముందే అడగండి. ఆ జాకెట్ లైనింగ్ ముక్క కూడా తీసుకెళ్లండి, దాన్నీ అతికించి చూస్తారు. ముక్కుకీ ఆస్తమాకీ ప్రిక్ టెస్ట్, అంటే చర్మం మీద సూదిమొనతో చిన్నగా గుచ్చి చూడటం, ఇరవై నిమిషాల్లో తేలుతుంది. దానికి ముందు వారం రోజులు సిట్రిజిన్ లాంటివి ఆపాలి. ఒక్క రక్తం సీసాతో రెండు వందల అలర్జీలు చెబుతామనే ప్యాకేజీల జోలికి మాత్రం వెళ్లకండి. అందులో ఐజీజీ అని ఉంటే, అది ఐజీఈ కాదు, వేరే యాంటీబాడీ, అది మీరు తిన్నవాటి జాబితా తప్ప జబ్బుల జాబితా కాదు. ఆ కాగితం పట్టుకుని వంకాయ, పాలు, గోధుమ అన్నీ మానేసి, ఎండిపోయి నా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు.

ఈ నెలలో మిగిలిన షాపింగ్‌కి నేనైతే ఇలా చేస్తాను. శని, ఆదివారాలు యాత్రికుల రద్దీ, కాబట్టి మంగళ, బుధవారాల్లో పదకొండున్నరకి వెళ్తాను, అప్పటికి సాంబ్రాణి పొగ సర్దుకుంటుంది. ఏసీలోకి ఒక్కసారిగా పోకుండా తలుపు దగ్గర రెండు నిమిషాలు ఆగుతాను. సెంటు కౌంటర్ ముందు నుంచి కాకుండా వేరే దారిలో మెట్లెక్కుతాను. గోడకి బిగించిన రూమ్ ఫ్రెషనర్ బుస్సుమంటుంటే ఆపమని అడుగుతాను. మర్యాదగా అడిగితే ఆపుతారు, పెళ్లి బట్టల బేరం ఎవరు పోగొట్టుకుంటారు? మాస్కు పెట్టుకోండి కానీ, ఎన్95 దుమ్మునీ పొగ నుసినీ ఆపుతుంది, సెంటు ఆవిరిని ఆపదు, దాని మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. ఇంటికి రాగానే ఏ షాపు, ఏ కౌంటర్, ఎన్నో నిమిషానికి ఏం వచ్చింది, ఆ రోజు ఏం తిన్నారు, నాలుగు ముక్కలు చిట్టాలాగ రాసుకోండి. పెళ్లయ్యాక డాక్టరు దగ్గరికి ఆ కాగితం తీసుకెళ్తే ఆయన పని సగం అయినట్టే.

ఒక పని మాత్రం ఈ రోజే చేయండి. పెళ్లి జాకెట్లు టైలర్‌కి ఇచ్చేసి ఉంటే ఫోన్ చేసి, లైనింగ్ తెల్ల నూలు బట్టే వేయమని చెప్పండి. అతను తెస్తానంటే వద్దని, మీరే మీటరు లెక్కన కొని, రెండుసార్లు ఉతికి ఆరేసి ఇవ్వండి. వంకీ కుట్లు, లేసులు అన్నీ అయ్యాక లైనింగ్ విప్పమంటే పెళ్లి ముందు రోజు ఏ టైలరూ ఫోన్ ఎత్తడు.